తలనొప్పి – కన్ను: ఏ నొప్పి ఎక్కడిది?

తలనొప్పి ఎరుగని మనిషి అరుదు. అది వచ్చినపుడు మన ఇళ్ళలో వినిపించే సలహాలు సాధారణంగా రెండు. చదువుకునే పిల్లవానికి వస్తే "కళ్ళు దెబ్బతిన్నట్లున్నవి, అద్దాలు పెట్టించండి" అంటారు. ఇల్లాలికి వస్తే "పైత్యం చేసింది, శొంఠి అరగదీసి పట్టు వేసుకుని కాసేపు పడుకో" అంటారు. ఈ రెండు మాటలలోనూ సత్యం ఉన్నది. అయితే వేళకాని వేళ ఈ రెండూ హాని చేయగలవు. అద్దాలతో తీరని తలనొప్పికి ఏటేటా అద్దాలు మార్చుకుంటూ కాలం గడిపేవారు ఉన్నారు. కంటిలో పుట్టిన తీవ్రమైన వ్యాధిని పైత్యమని భావించి, నాలుగు రోజులు ఉపేక్షించి, చూపు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

కంటికి, తలనొప్పికి గల సంబంధాన్ని గృహస్థులు మూడు విధాలుగా గుర్తుంచుకుంటే చాలు. మొదటిది, కన్ను అలసి తలను నొప్పించేది. రెండవది, తలలో పుట్టి కంటికి ప్రాకేది. మూడవది, కంటిలోనే పుట్టి తల బద్దలు చేసేది. మొదటిదానికి అద్దాలు, విశ్రాంతి చాలును. రెండవదానికి వైద్యుని చికిత్స, పథ్యం కావలెను. మూడవదానికి ఆలస్యం కూడదు. ఆ రోజే నేత్ర వైద్యశాలకు చేరవలెను. ఏది ఏదో గుర్తించడమే ఈ వ్యాసంలోని విషయం.

శాస్త్రంలో కన్ను, శిరస్సు

సుశ్రుత సంహితలోని ఉత్తర తంత్రం నేత్ర రోగాలతోనే ఆరంభమవుతుంది. అందులో 76 నేత్ర రోగాలు వర్ణింపబడినవి. ఆ తరువాతి అధ్యాయాలలో 11 శిరోరోగాలు చెప్పబడినవి. ఈ రెండు ప్రకరణాలను కలిపి చదివినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. శిరోరోగాలను వర్ణించేటపుడు కన్ను, కనుబొమ, కణత అనే మాటలు పదే పదే వస్తాయి. అధిమంథమనే నేత్ర రోగాన్ని వర్ణించేటపుడు సగం తల నొప్పి అనే లక్షణం వస్తుంది. అంతేకాదు, అగ్నికర్మను బోధించే అధ్యాయంలో శిరోరోగానికీ, అధిమంథానికీ కనుబొమలు, నుదురు, కణతలు అనే ఒకే స్థానాలు నిర్దేశింపబడినవి.

దీనికి ఆధారం శారీర స్థానంలో ఉన్నది. ముక్కు, చెవి, కన్ను, నాలుక, ఈ నాలుగింటిని పోషించే సిరలు కలిసే చోటును శృంగాటక మర్మమని అన్నారు. ఆ కూడలిలో దోషం ప్రకోపిస్తే ఒక ఇంద్రియపు బాధ మరొకదానిలో కనబడడంలో ఆశ్చర్యమేమున్నది?

నేటి శరీర శాస్త్రం ఇదే సంబంధాన్ని నాడుల ద్వారా వివరిస్తున్నది. మెదడు నుండి వెలువడే ఐదవ నాడికి మూడు శాఖలున్నవి. వాటిలో మొదటి శాఖ కంటి నల్లగుడ్డుపై పొరకు, పై రెప్పకు, నుదుటికి, మాడు వరకు గల చర్మానికి, నుదుటి లోపలి గాలి గదులకు, మెదడును కప్పిన పొరకు స్పర్శజ్ఞానాన్ని ఇస్తుంది. ఒకే తీగపై ఇన్ని గంటలు కట్టి ఉన్నపుడు ఏ గంట మ్రోగినదో మెదడు సరిగా పోల్చుకోలేదు. మెడ పైభాగపు నాడులు కూడా ఈ ఐదవ నాడి కేంద్రం వద్దకే చేరుతాయి. అందువల్లనే మెడ వెనుక పుట్టిన నొప్పి కంటి వెనుక తెలుస్తుంది. మెడలో ఆరంభమై కన్ను, కనుబొమ, కణతలలో నిలిచే నొప్పిని మన ఆచార్యులు అనంతవాతమని వేరే రోగంగా పేర్కొన్నారు.

కన్ను అలసి వచ్చే నొప్పి

ఈ నొప్పి ఉదయం నిద్ర లేవగానే ఉండదు. చదువు, కుట్టుపని, లెక్కలు, కంప్యూటరు వంటి దగ్గరి పని చేసిన గంట రెండు గంటలకు మొదలవుతుంది. నుదుటిలో, కనుబొమల పైన, కళ్ళ చుట్టూ బరువుగా ఉంటుంది. కళ్ళు మూసుకుని కొంతసేపు కూర్చుంటే తగ్గుతుంది. సెలవు రోజులలో రాదు. ఈ లక్షణాలు కలిసి ఉంటే అది కంటి శ్రమ అని భావించవచ్చును.

దూరపు వస్తువు మసకగా కనబడే హ్రస్వదృష్టి వలన తలనొప్పి అంతగా రాదు. దీర్ఘదృష్టి, అసమదృష్టి ఉన్నవారికే ఎక్కువ. దీర్ఘదృష్టి గల పిల్లవానికి బడిలో నల్లబల్ల చక్కగా కనబడుతుంది. కనుక అతని కళ్ళు బాగున్నవనే తల్లిదండ్రులు భావిస్తారు. పుస్తకం పట్టినపుడు మాత్రం కంటిలోని చిన్న కండరం నిరంతరం బిగుసుకుని పనిచేయవలసి వస్తుంది. ఆ పిల్లవాడు పుస్తకమంటే విసుగుకుంటాడు, కళ్ళు నలుపుకుంటాడు, సాయంత్రానికి తలనొప్పి అంటాడు. అతనిని బద్ధకస్తుడని దండించేముందు ఒకసారి కంటి పరీక్ష చేయించవలెను.

నలభై ఏళ్ళు దాటినవారికి చత్వారం సహజం. పత్రిక చదవడానికి చేయి చాచవలసి వచ్చిన నాడే అద్దాలు తీసుకొనవలెను. "ఇప్పుడే అద్దాలా" అని సిగ్గుపడి రెండు మూడేళ్ళు తలనొప్పితో సతమతమయ్యేవారిలో స్త్రీలే ఎక్కువ. సూదిలో దారం ఎక్కించలేకపోవడం, బియ్యంలో రాళ్ళు కనబడకపోవడం చత్వారానికి తొలి గుర్తులు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు కార్యక్రమం ప్రారంభమై ఊరూరా కంటి పరీక్షలు జరిపినపుడు, ఎందరో పెద్దలు మొదటిసారిగా దగ్గరి చూపు అద్దాలు ధరించారు. 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో ఆరంభమైన కార్యక్రమంలో తొలుత బడి పిల్లలకు పరీక్షలు జరిగినవి. అద్దాలు ధరించడం వలన చూపు మరింత క్షీణిస్తుందనే భయం నిరాధారం.

సుశ్రుతుడు చెప్పిన నేత్ర రోగ కారణాలలో సూక్ష్మ వస్తువులను అదే పనిగా చూడడం, నిద్ర వేళలు తలక్రిందులు కావడం, పొగ, మలమూత్ర వేగాలను ఆపడం, ఎండలో కాగిన దేహంతో వెంటనే నీటిలో దిగడం, ఎడతెగని శోకం మొదలైనవి ఉన్నవి. వీటిలో మొదటి రెండింటినీ నేడు సెల్ ఫోను ఒక్కటే సమకూరుస్తున్నది. తెరను చూస్తున్నపుడు మనం రెప్పలు వేయడం బాగా తగ్గిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి మంట, ఇసుక పడినట్లు గరగర, దానితోపాటు నుదుటి నొప్పి కలుగుతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును, 20 సెకన్లపాటు చూచి, పదిసార్లు నిండుగా రెప్పలు వేయవలెను. దీపం ఆర్పి చీకటిలో ఫోను చూడరాదు.

తలలో పుట్టి కంటికి ప్రాకే నొప్పి

కంటి చుట్టూ నొప్పి వచ్చినంత మాత్రాన దోషం కంటిది కానక్కర లేదు. కంటి వైద్యుని వద్దకు తలనొప్పితో వెళ్ళేవారిలో చాలామందికి కళ్ళు నిర్దోషంగానే ఉంటాయి. అటువంటి వారిని ఎక్కువగా బాధించేది పార్శ్వపు నొప్పి. దీనినే అర్ధావభేదకమని శాస్త్రంలో అన్నారు. ఇది తరచుగా సగం తలలో, కంటి వెనుక, కణతలో కొట్టుకుంటున్నట్లు వస్తుంది. వెలుతురు, శబ్దం సహింపవు. వాంతి వస్తుంది, లేదా వికారంగా ఉంటుంది. కొన్ని గంటల నుండి మూడు రోజుల వరకు ఉండవచ్చును. కొందరికి నొప్పికి ముందు కళ్ళ ఎదుట మెరుపులు, వంకర టింకర గీతలు కనబడి, గంటలోపు మాయమవుతాయి. ఇది చూచి కన్ను చెడిపోయిందని భయపడతారు. ఆ మెరుపులు పుట్టేది మెదడులో. అయినా మొదటిసారి అవి కనబడినపుడు వైద్యునికి తప్పక చూపించుకొనవలెను. అర్ధావభేదకం మిక్కిలి వృద్ధి చెందితే కంటినో, చెవినో చెరుపగలదని మన ఆచార్యులు హెచ్చరించారు. పార్శ్వపు నొప్పే కదా అని ఏళ్ళ తరబడి ఉపేక్షించరాదని దీని భావం.

సూర్యునితోపాటు ఉదయం కన్ను, కనుబొమలలో మొదలై, మధ్యాహ్నానికి తీవ్రమై, ప్రొద్దు వాలుతుండగా తగ్గే నొప్పిని సూర్యావర్తమని అన్నారు. ఈ లక్షణం నుదుటి గాలి గదులలో కఫం నిలిచినవారిలో తరచుగా కనబడుతుంది. ముక్కు బిగుసుకోవడం, వంగినపుడు నుదురు బరువెక్కడం, చిక్కని చీమిడి దీనికి తోడుగా ఉంటాయి. ఇటువంటివారికి అద్దాలు ఉపకరించవు. జలుబుకు చికిత్స చేయవలెను. జ్వరంతోపాటు కనురెప్ప వాచి, కనుగుడ్డు ముందుకు వచ్చినట్లుంటే మాత్రం అది ఇంటి వైద్యంతో తగ్గేది కాదు. వెంటనే వైద్యశాలకు వెళ్ళవలెను.

అధిమంథం: గడియలు లెక్కించవలసిన వ్యాధి

ఇక ముఖ్యమైన విషయం. కన్ను పెకలిస్తున్నట్లు, కవ్వంతో చిలుకుతున్నట్లు నొప్పి, అదే పక్క సగం తల నొప్పి, ఇదీ అధిమంథ లక్షణం. ఉపేక్షిస్తే కఫజమైనది 7 రాత్రులలో, వాతజమైనది 6 రాత్రులలో, రక్తజమైనది 5 రాత్రులలో, పిత్తజమైనది తత్క్షణమే దృష్టిని హరిస్తుందని సుశ్రుతుడు గడువు పెట్టి మరీ చెప్పాడు. అన్ని నేత్ర రోగాలకు ఇట్లు గడువులు చెప్పలేదు. దీనికి చెప్పాడంటే ఎందరి చూపు ఆరిపోవడం చూచి చెప్పాడో ఊహించవచ్చును.

అధిమంథాన్ని నేటి నేత్ర వైద్యంలోని హఠాత్తుగా వచ్చే నీటికాసుల వ్యాధితో పోల్చుతారు. కంటి లోపల ఒక స్వచ్ఛమైన ద్రవం నిరంతరం ఊరుతూ, ఒక సన్నని మార్గం గుండా బయటికి పోతూ ఉంటుంది. కంటి లోపలి ఒత్తిడి సామాన్యంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది. ఆ మార్గం అకస్మాత్తుగా మూసుకుపోతే ఒత్తిడి 40 దాటి, ఒక్కొక్కప్పుడు 60కి పైగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి చూపును మోసే నాడి నలిగిపోతుంది. ఒకసారి చనిపోయిన ఆ నాడిని బ్రతికించే ఔషధం ఆయుర్వేదంలో లేదు, అల్లోపతిలోనూ లేదు.

లక్షణాలు ఇవి. కన్ను ఎర్రబడుతుంది. చూపు మసకబారుతుంది. దీపం చుట్టూ ఇంద్రధనుస్సు వంటి వలయాలు కనబడతాయి. ఆ పక్క తల భరింపరానంతగా నొస్తుంది. వాంతులు అవుతాయి. కంటి పాప పెద్దదై, వెలుగు వేసినా చిన్నది కాదు. ఈ వ్యాధి నలభై ఏళ్ళు దాటినవారిలో, స్త్రీలలో, దీర్ఘదృష్టి గలవారిలో, కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారిలో ఎక్కువ. కంటి పాప విప్పారే మసక వెలుతురులో, సాయంకాలాలలో తరచుగా ఆరంభమవుతుంది. ఈ తత్వం గల కళ్ళు ఉన్నవారికి జలుబుకు వాడే కొన్ని మాత్రలు కూడా దీనిని రేపగలవు.

మోసపుచ్చేవి వాంతులు. తలనొప్పి, వాంతి కలిసి రాగానే అందరికీ పైత్యమే స్ఫురిస్తుంది. కొన్నేళ్ళ క్రితం గోదావరి లంక గ్రామం నుండి యాభై అయిదేళ్ళ ఇల్లాలిని నా వద్దకు తీసుకుని వచ్చారు. అప్పటికి ఆరు రోజులైంది. అల్లం రసం, ధనియాల నీరు, నుదుటికి పట్టు, ఊరిలో ఇచ్చిన నొప్పి బిళ్ళలు అన్నీ అయినవి. కన్ను ఎర్రబడినదని కళ్ళకలక మందు కూడా వేశారు. నేను ఆమె కుడి కంటి ఎదుట దీపం పట్టి "వెలుగు తెలుస్తున్నదా అమ్మా?" అని అడిగితే "లేదు బాబూ" అన్నది. ఔషధం ఏదీ ఇవ్వక, ఆ గడియలోనే నేత్ర వైద్యశాలకు పంపాను. ఆ కన్ను తిరిగి రాలేదు. ఎడమ కంటికి కూడా అదే ప్రమాదం పొంచి ఉన్నదని గుర్తించి, లేజరు కిరణంతో చిన్న రంధ్రం చేసి దానిని కాపాడినారు. ఆమె ఆ ఒక్క కంటితోనే పనులు చేసుకుంటున్నది. మొదటి రోజే వచ్చి ఉంటే కుడి కన్ను దక్కే అవకాశం ఉండేది. ఆలస్యం అమృతం విషం అనే మాట ఈ వ్యాధికి అక్షరాలా వర్తిస్తుంది.

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం మాని, ఆ రోజే వైద్యశాలకు వెళ్ళవలెను:

1. తలనొప్పితోపాటు కన్ను ఎర్రబడి చూపు మసకబారడం, దీపాల చుట్టూ వలయాలు కనబడడం.
2. యాభై ఏళ్ళు దాటినవారికి కొత్తగా కణత నొప్పి రావడం, దువ్వెన తగిలినా నెత్తి నొప్పి, నమిలేటపుడు దవడ నొప్పి. కణతలోని ధమని వాపు వలన హఠాత్తుగా చూపు పోవచ్చును.
3. ఒక వస్తువు రెండుగా కనబడడం, రెప్ప వాలిపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం, కాలు చేయి పట్టు తప్పడం.
4. రోజూ తెల్లవారుజామున తలనొప్పి, వాంతి, వంగి లేచినపుడు కళ్ళు చీకట్లు క్రమ్మడం.
5. పిడుగు పడినట్లు క్షణంలో వచ్చిన భయంకరమైన తలనొప్పి. జ్వరంతో మెడ బిగుసుకోవడం. తలకు, కంటికి దెబ్బ తగలడం.
6. గర్భిణికి తలనొప్పితోపాటు చూపు మసకబారడం.

ఇంట్లో చేసుకోదగిన చికిత్సలు

పై అపాయ లక్షణాలు లేనపుడు, కంటి శ్రమ వలన, జలుబు వలన, పైత్యం వలన వచ్చే సామాన్యమైన తలనొప్పికి ఈ క్రింది ఉపాయాలు ఉపశమనాన్ని ఇస్తాయి.

శొంఠి పట్టు: శొంఠి కొమ్మును సానమీద నీటితో అరగదీసి, ఆ గంధాన్ని నుదుటికి పలుచగా పట్టు వేయవలెను. జలుబుతో కూడిన బరువైన నొప్పికి ఇది మంచిది. మంట పుడితే వెంటనే కడిగివేయవలెను. కంటికి తగలనీయరాదు. పసిపిల్లలకు వేయరాదు.

చందనం: ఎండలో తిరిగినపుడు, మంటతో కూడిన నొప్పికి మంచి గంధపు చెక్కను అరగదీసి నుదుటికి, కణతలకు పూయవలెను.

ధనియాల హిమం: ఒక చెంచా ధనియాలు దంచి, గ్లాసు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడకట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగవలెను. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం మానవలెను.

ఆవిరి: ముక్కు బిగుసుకున్నపుడు మరిగించిన నీటి ఆవిరి ఐదు నిమిషాలు పట్టవలెను. కళ్ళు మూసుకుని, పైన తడిగుడ్డ కట్టుకొనవలెను. పిల్లలను మరిగే నీటి వద్దకు రానీయరాదు.

పాదాభ్యంగం: రాత్రి పడుకునేముందు అరికాళ్ళకు నువ్వుల నూనె మర్దన చేయవలెను. ఇది చూపుకు ప్రసన్నతను ఇస్తుందని చరకుడు దినచర్యలో చెప్పాడు. నిద్ర చక్కగా పడుతుంది. నిద్ర చాలకపోవడం పార్శ్వపు నొప్పికి ముఖ్య కారణాలలో ఒకటి.

త్రిఫల: కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల చూర్ణం అర చెంచా రాత్రివేళ గోరువెచ్చని నీటితో సేవించవలెను. మలబద్ధం తొలగి తల తేలికపడుతుంది. గర్భిణులు, విరేచనాలు అవుతున్నవారు వాడరాదు. నిత్యం ఇతర ఔషధాలు వాడేవారు వైద్యుని అడిగి వాడవలెను.

నస్యకర్మ, శిరోధార, తర్పణం వంటివి వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను.

చేయరాని పనులు

కంటిలో తేనె, ఉల్లిరసం, ఆముదం, తల్లిపాలు, పూల రసాలు వేయరాదు. శాస్త్రంలో అంజనాలున్న మాట నిజమే. వాటిని శోధించి, శుభ్రమైన పద్ధతిలో తయారు చేసి, రోగ దశను బట్టి వైద్యుడు వేయవలెను. ఇంటి గిన్నెలోని రసం కంటికి పుండు తేగలదు. నందివర్ధనం పూలను మూసిన కళ్ళపై చల్లదనానికి ఉంచుకోవడం వరకు సరే. రసం పిండి వేయరాదు.

దుకాణంలో అడిగి తెచ్చుకున్న చుక్కల మందును కన్ను ఎర్రబడినప్పుడల్లా వేసుకోరాదు. వాటిలో స్టెరాయిడు ఉంటే దీర్ఘకాలం వాడినవారికి కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు రాగలవు. అట్లే నెలకు పది పదిహేను రోజులు నొప్పి బిళ్ళలు మ్రింగేవారికి ఆ బిళ్ళలే తలనొప్పికి కారణమవుతాయి. తలనొప్పి వచ్చిన రోజులను క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటే ఈ సంగతి తేటపడుతుంది.

ఆహారం, దినచర్య

వేళకు భోజనం, వేళకు నిద్ర తలనొప్పికి సగం మందు. ఉపవాసం పార్శ్వపు నొప్పిని రేపుతుంది. పాత బియ్యపు అన్నం, పెసరపప్పు, ఆవు నేయి, ఉసిరిక, బీరకాయ, పొన్నగంటి కూర, మునగాకు, తోటకూర హితకరం. పులిసిన పదార్థాలు, అతిగా పులుపు, కారం తగ్గించవలెను. "పోయిన కంటికి పొన్నగంటి కూర" అని నానుడి. ఆకుకూరలు చూపును పోషించేమాట సత్యం. పోయిన కంటిని తెచ్చే కూర మాత్రం లేదు. ఉన్న కంటిని కాపాడుకోవడానికే ఆ కూర.

చివరగా ఒక చిన్న పరీక్ష. నెలకొకసారి ఇంటిలోని వారందరూ ఒక కన్ను మూసుకుని రెండవ కంటితో గోడమీది క్యాలెండరు చదవవలెను. తరువాత ఆ కన్ను మూసి మొదటి కంటితో చదవవలెను. రెండు కళ్ళూ తెరచి ఉన్నంతకాలం ఒక కంటి లోపాన్ని రెండవది కప్పిపుచ్చుతుంది. తలనొప్పి వచ్చిన రోజున కూడా ఇదే పరీక్ష చేయవలెను. రెండు కళ్ళూ ఎప్పటివలె సమంగా చదివి, కన్ను తెల్లగా ఉండి, పైన చెప్పిన ఆరు గుర్తులలో ఏదీ లేనట్లయితే శొంఠి పట్టు వేసుకుని విశ్రమించవచ్చును. ఒక కన్ను మసకబారి ఎర్రబడితే శొంఠి కోసం వెదకవద్దు, బండి కోసం వెదకండి.